ఎండిన చెరువులో పడవ

మొన్న మా అన్న కూతురు ఫోన్ పట్టుకొచ్చి, "చిన్నాయనా, ఈ పంచె కట్టుకున్నాయన మన తాతే కదా?" అని అడిగింది. అన్న వాళ్ల రాక్ బ్యాండు తొలినాళ్లలో తీసిన పొట్టి సినిమాను ఎవరో నెట్‌లో పెట్టారట. చూస్తే నిజంగా నాయనే. ఎండిన చెరువు మధ్యలో, పడవ పక్కన, భుజాన శాలువాతో నిలబడి ఉన్నాడు.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. నాయన పట్టుచీర నేసే గది వెనకే అన్న, అతని స్నేహితులు డ్రమ్ములు, గిటార్లు పెట్టుకుని వీధంతా చెవులు మూసుకునేలా వాయించేవాళ్లు. మగ్గం చప్పుడును కూడా పాటలో కలిపేసి, అది ప్రయోగం అనేవాళ్లు. "మీ గోలకు నా పోగులు తెగుతాండాయి" అని నాయన ఒకరోజు కేకలేసి, ఆపైన అన్నతో మాటలే మానేశాడు. ఇంట్లో ఏం చెప్పుకోవాలన్నా అమ్మ మధ్యలో ఉండాల్సిందే.

సినిమా కథ చిన్నది. చుక్క నీళ్లు లేని చెరువులో ఒక నాయకుడు పడవ షికారు ప్రారంభిస్తాడు. కుందుర్పి దోవలో చెరువు దొరికింది, అట్టలతో పడవ చేశాం. నాయకుడి వేషం కట్టాల్సినవాడు మాత్రం రాలేదు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, కాస్త పొట్ట, మూడూ ఉన్నవాడు మా ఎరుకలో నాయనొక్కడే. అమ్మ బతిమాలితే మొహం ముడుచుకుని వచ్చాడు.

నాయన రిబ్బన్ కత్తిరించాడో లేదో, మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ నేరుగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏమప్పా, మా బోరు ఎండిపోయె. నీళ్లకు యాడికి పోవల్ల?" అంది. మేం రాసుకున్న ప్రకారం నాయన నవ్వుతూ చెయ్యి ఊపాలి. ఆయన శాలువా తీసేసి, ఆమెతోపాటు మట్టిలో కూర్చుని, చెప్పిందంతా విన్నాడు. చివరికి, "నేను నాయకున్ని కాదవ్వా, మగ్గం నేసేటోన్ని" అన్నాడు.

"తెలుసులేప్పా. నాయకుడైతే ఈడ కూచుంటాడా?" అంది అవ్వ.

కెమెరా ఆపాలని మాలో ఎవరికీ తోచలేదు.

తిరిగొచ్చేటప్పుడు నాయన ఎన్నాళ్లకో అన్నతో నేరుగా మాట్లాడాడు. "ఆయమ్మ మాట మింద మీ మోత పెట్టొద్దురా." సినిమా చివర్లో పెట్టడానికని బ్యాండంతా కష్టపడి కట్టుకున్న పాట ఒకటుంది. ఎవరి మాటా వినని అన్న దాన్ని తీసేశాడు. ఇప్పుడు విన్నా అక్కడ గాలి, మేకల అరుపులు, ఆ ఇద్దరి మాటలు, అంతే. ఆ తర్వాత నాయన మగ్గం ఆపి మరీ అన్న వాళ్ల పాటలు వినేవాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఫోన్‌లో ఆ గొంతు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆ సినిమాలో నాయనకు ఇప్పటి నా వయసే. కాలం నాకు ఆయన ఇస్త్రీ చొక్కా ఇచ్చింది, పొట్టా ఇచ్చింది. అలా మట్టిలో కూర్చుని వినడం మాత్రం ఇంకా ఇవ్వలేదు.