థాంక్స్ చెప్పనివ్వని లెక్కల మేడమ్

లెక్కల మేడమ్ పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతున్నాను. "అక్క పోయింది మేడమ్. పొద్దుగాల చాయ్ పెట్టుకుంట పెట్టుకుంట పడిపోయింది. దవాఖానకు తీస్కపోయేదాక గూడ ఆగలే" అన్నాడు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. వెనకవాళ్ళు తోసుకుంటూ విసుక్కుంటున్నా కదలకుండా నిలబడి, "ఇదేం పద్ధతండీ!" అన్నాను పైకే. ఎవరినన్నానో పాపం ఆ తమ్ముడికి అర్థం కాలేదు. ఆమెనే అన్నాను. ఎదుటివాళ్ళ మాట వినకుండా లేచి వెళ్ళిపోవడం ఆమెకు బతికున్నప్పుడూ అలవాటే.

చదివేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాడే తీయటి మాటలు ఇందులో ఉండవు. ఆమె తీయటి మనిషి కాదు. నేనసలే కాదు.

వెనక్కి తిరిగి అదే మెట్రో ఎక్కి ఆమె ఉండే మూసారాంబాగ్ వెళ్ళేలోపే మా పాత కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపు నిండా దణ్ణాలు పెట్టే చేతుల బొమ్మలు. అందరికన్నా ముందు పెట్టినవాడు కన్సల్టెన్సీ ఆయన. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో కూర్చుని టీచర్లను విదేశాలకు పంపే వ్యాపారం ఆయనది. "గొప్ప ఉపాధ్యాయురాలు, మా కుటుంబ సభ్యురాలు" అని రాశాడు. కుటుంబ సభ్యురాలట! ఆమెను టూరిస్టు వీసా మీద పంపించిందీ ఆయనే, ఆమె తిరిగొచ్చాక తన ఆఫీసు మెట్లు ఎక్కనివ్వనిదీ ఆయనే. "మీ కుటుంబమైతే ఆ రోజు కింద వాచ్‌మన్‌తో ఎందుకు గెంటించారు?" అని కింద రాశాను. తీసెయ్యమని ఇద్దరు ముగ్గురు విడిగా మెసేజ్ పెట్టారు. తీసెయ్యలేదు, తీసెయ్యను కూడా.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ సెంటర్‌లో ఆమె లెక్కలు చెప్పేది, నేను ఇంగ్లిషు. ఆమెది పోచంపల్లి వైపు నేత ఇల్లు, మాది గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన కుటుంబం. నా మాట తీరంటే ఆమెకు ఒళ్ళుమంట. "ఏంటండీ, ఏంటండీ అనుకుంట ఎంతసేపు నీళ్ళు నములుతవే? అడగదల్చుకున్నది అడుగు" అనేది స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ. నాకన్నా పదేళ్ళు పెద్దది కాబట్టి ఊరుకునేదాన్ని. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఇంకెవరైనా అంటే ఊరుకునే రకాన్ని కాదు.

ఆమె క్లాసుకు వెళ్ళే తీరు వేరు. గుమ్మంలో అడుగుపెడుతూనే బోర్డు మీద మొదటి లెక్క రాయడం మొదలుపెట్టేది. పిల్లలు లేచి గుడ్ మార్నింగ్ చెబితే పలికేది కాదు, తిరిగి చూసేది కూడా కాదు. కొన్నాళ్ళకు పిల్లలే లేవడం మానేశారు. క్రమశిక్షణ ఏమైపోవాలని ప్రిన్సిపాల్ నిలదీస్తే, "లేచి, మొక్కి, మళ్ళ గూసునేటాళ్ళకు ఒక లెక్క అయిపోతది సార్" అంది. పీరియడ్ అయ్యాక మాత్రం బోర్డును మూలమూలలా తుడిచి వెళ్ళేది, తర్వాత వచ్చేది నేను కాబట్టి. ఒకసారి థాంక్స్ అన్నాను. "నీకోసం గాదు. నా లెక్కలు నీ పిల్లలకెందుకు?" అంది. ఆ ఒక్క మాటలోనే మనిషి మొత్తం ఉందని అప్పుడు నాకు తెలియలేదు.

ఓ ఏడాది మధ్యలో ఉన్నట్టుండి మాయమైంది. కన్సల్టెన్సీ ద్వారా థాయ్‌లాండ్‌లో ఏదో చిన్న ఊరి బడికి వెళ్ళిందన్నారు. వేసవి సెలవులకొచ్చి నన్ను మిర్చి బజ్జీల బండి దగ్గర పట్టుకుంది. "నువ్వు గూడ రా. అక్కడి పిల్లలు మంచిగుంటరు, మనోళ్ళ లెక్క చెవులు చిల్లులుపడేటట్టు అరువరు." వీసా సంగతేంటని అడిగాను. "ముందు టూరిస్టు మీద రా. తర్వాత బడోళ్ళే మారుస్తరు." అప్పటికి ఆమెకు ఎవరూ ఏమీ మార్చలేదు. ఆ సంగతి తెలిసీ నన్ను పిలిచింది. ఇది నా మొదటి ఫిర్యాదు, ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. అక్కడికి వెళ్ళాక నిలదీస్తే, "ఒక్కదానికి ఏం తోచకపోయె" అంది, సిగ్గూ శరం లేకుండా.

ఆ బడి డైరెక్టరమ్మ నవ్వుముఖంతో గొంతు కోసే రకం. వర్క్ పర్మిట్ ఏమైందని అడిగితే ఎప్పుడూ "వచ్చే నెల" అనేది. పర్మిట్ పని కోసమని మా పాస్‌పోర్టులు ఆవిడే దాచుకుంది. లేబర్ ఆఫీసువాళ్ళు తనిఖీకి వచ్చిన రోజున మమ్మల్ని క్యాంటీన్ వెనక సామాను గదిలోకి తోసి తలుపు వేసేవాళ్ళు. మేడమ్ బియ్యం బస్తా మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేది. "పిల్లలు ఆడాలె గానీ ఈ దాగుడుమూతలు టీచర్లేంది?" అనేది. గడువు అయిపోతున్నప్పుడల్లా ఒక వ్యానులో సరిహద్దు దాటించి, అవతల దేశంలో అడుగుపెట్టించి, మళ్ళీ టూరిస్టులుగా వెనక్కి తెచ్చేవాళ్ళు. దానికోసం ఆమె దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న పెద్ద టోపీ, నల్ల కళ్ళద్దాలు తగిలించుకునేది. "ఎట్లున్న? టూరిస్టు లెక్కనే ఉన్ననా?" అని అడిగితే, "తప్పిపోయిన టూరిస్టులా ఉన్నారు" అనేదాన్ని. ఆమె నవ్వకుండా టోపీ సర్దుకునేది.

నవ్వులాట కాదని ఇద్దరికీ తెలుసు. పని చేస్తూ దొరికితే పంపించేస్తారు, మళ్ళీ ఏళ్ళ తరబడి ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. నాకు అప్పటికి నాన్న మంచం మీద ఉన్నారు, ఇంటికి ఆధారం నేనే. అందుకే ఈ బడి మారాలని ఆమెతో రోజూ పోరు పెట్టేదాన్ని. చివరికి ఆమే పక్క ఊళ్ళో ఇంకో బడి వెతికింది. వాళ్ళు నిజాయితీపరులు. ఇద్దరినీ తీసుకుంటామన్నారు. కాగితాలిస్తాం, సరిహద్దు దాటి లావోస్‌లో ఉన్న రాయబార కార్యాలయంలో అసలైన వీసా తెచ్చుకోండి అన్నారు. పాత డైరెక్టరమ్మకు చెబితే పాస్‌పోర్టులు రావు కాబట్టి, గడువు కోసం చేసే మామూలు సరిహద్దు ప్రయాణమేనని చెప్పి, వాటిని తీసుకుని బయటపడ్డాం. ఆ ఒక్కసారి దాటితే చాలు, ఇక దాక్కునే పని ఉండదు.

మెకాంగ్ నది మీది వంతెన దగ్గర, దేశం దాటేవాళ్ళ వరసలో ఆమె ముందు, ఇద్దరి తర్వాత నేను. శనివారం కావడంతో అవతలి బజారుకు వెళ్ళే కుటుంబాలతో హాలు కిటకిటలాడుతోంది. ఇంతలో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని పక్క వరసలో నిలబడ్డ నా రెండో తరగతి పిల్ల ఒకతె నన్ను చూసింది. చేతులు జోడించి, నేను నేర్పిన రాగంలోనే గొంతెత్తింది. "గుడ్ మార్నింగ్, టీచర్!"

కౌంటర్‌లో ఉన్న అధికారి తలెత్తాడు. నేను నోరు తెరిచేలోపే ముందున్న మేడమ్ వెనక్కి తిరిగి, ఆ పిల్లకు చేతులు జోడించి, హాలంతా వినబడేలా అంది. "గుడ్ మార్నింగ్. సిట్ డౌన్."

నిలబడే చోటే లేని ఆ హాలులో ఎక్కడ కూర్చోవాలో తెలియక ఆ పిల్ల వాళ్ళమ్మ వెనక నక్కింది. అధికారి మేడమ్‌ను పిలిచి, "యూ టీచర్?" అన్నాడు. "యెస్. మాథ్స్" అంది. సబ్జెక్టు కూడా చెప్పింది మహాతల్లి! అతను పాస్‌పోర్టు తిరగేస్తుంటే, ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తెలుగులో గొంతు పెంచింది. "నీ దారిన నువ్వు నడువు. ఎనకకు సూడకు. సూస్తే సంపుత." అవతల ఎవరూ లేరు. ఆమె ఫోన్ పొద్దున్నే చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది.

నేను నడిచాను. దానికి నన్ను నేను తిట్టుకుంటానని ఎదురుచూస్తున్నారేమో, తిట్టుకోను. ఆమె నాకు ఇంకో దారి వదల్లేదు. ఆ పాస్‌పోర్టు నిండా టూరిస్టు ముద్రలే కాబట్టి వాళ్ళకు సంగతి తెలిసిపోయింది. కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుని, జరిమానా కట్టించుకుని, నిషేధం వేసి హైదరాబాద్ విమానం ఎక్కించారు. నాకు లావోస్‌లో వీసా వచ్చింది, కొత్త బడిలో చేరాను. ఫోన్ చేసి ఏడిస్తే, "వర్క్ పర్మిట్ చేతికొచ్చిందా? రాలే? వచ్చినంక చెయ్యి. గప్పటిదాక బిల్లు దండుగ" అని పెట్టేసింది.

ఇక్కడ ఆమెకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డిపోర్టు అయిన మనిషని పాత కోచింగ్ సెంటర్ తీసుకోలేదు. తన పేరు చెడుతుందని కన్సల్టెన్సీ ఆయన గెంటించాడు. వాళ్ళ గల్లీలో ఆడవాళ్ళు కూడా కిసుక్కుమన్నారు. "టీచర్ అలవాటు పోలే, నోరు జారింది, వీసా పాయె" అని. ఆమె కాదనలేదు. మూసారాంబాగ్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ట్యూషన్లు పెట్టుకుంది. నేను సెలవులకు వచ్చి అసలు సంగతి అందరికీ చెబుతానంటే మీదికొచ్చింది. "నా ముచ్చట నాది. నోరు తెరిస్తే మళ్ళ నా గడప తొక్కకు." చీర తెస్తే మడత విప్పకుండా తిరిగి నా సంచిలో పెట్టింది. నేను తిరిగొచ్చి ఎల్‌బీ నగర్ అవతల మంచి స్కూల్లో చేరాక, అక్కడ లెక్కల పోస్టుకు మాట్లాడి పెడితే ఇంటర్వ్యూకే రాలేదు. నా కోసం ఎందుకు చేశారు మేడమ్ అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "నీకోసమని ఎవరన్నరే? ఇద్దరు దొరుకుడుకంటె ఒక్కరు దొరుకుడు నయం. లెక్క గంతే."

లెక్కట! మా నాన్న చివరి రోజులు మంచి ఆసుపత్రిలో గడిచాయంటే ఆ లెక్క వల్లే. ఆ మాట చెప్పనివ్వకపోతే మనిషి ఎక్కడ పెట్టుకోవాలి? ఆమె మీద నాకున్న కోపమంతా ఇదే.

దినాలనాడు వెళ్ళాను. గల్లీలో షామియానా కింద కన్సల్టెన్సీ ఆయన విస్తరి ముందు కూర్చుని చుట్టుపక్కలవాళ్ళకు చెబుతున్నాడు. "మస్తు హుషారు మేడమ్. ఆ ఒక్కనాడు నోరు జారకపోతే లైఫ్ సెట్ అయిపోయేటిది. అలవాటు, ఏం జేస్తరు?"

"ఏం అలవాటండీ?" అన్నాను నిలబడే. "ఆమె దగ్గర చదివినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? ఆమె ఎవరికైనా ఎప్పుడైనా తిరిగి గుడ్ మార్నింగ్ చెప్పిందా? ఒక్కరు చెప్పండి."

ట్యూషన్ పిల్లలు, వాళ్ళ తల్లులు, మా పాత సెంటర్ వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేనే అందుకున్నాను. "ఆ రోజు వంతెన దగ్గర పిల్ల పలకరించింది నన్ను. నా బదులు ఆమె పలికింది. ఆమె నోరు జారలేదు. మీరు పంపిన దొంగ దారిలో నేను దొరక్కుండా తను దొరికింది. అన్నం తిని వెళ్ళండి, కానీ ఆ మాట ఇంకోసారి అన్నారంటే మర్యాద దక్కదు." ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. నోరు తెరిచేశాను, అయినా గడప తొక్కనివ్వకుండా ఆపడానికి ఆమె ఇక లేదు కాబట్టి నేను లోపలికి వెళ్ళాను.

తమ్ముడు నా వెనకే వచ్చాడు. "మంచిగ అడిగినవ్ మేడమ్. ఇంకొక్క ముచ్చటున్నది. చెప్పొద్దన్నది గానీ, ఇగ ఎవరికి భయపడాలె?" అన్నాడు. నిషేధం గడువు ఈ మధ్యే తీరిందట. ఆమె కొత్త పాస్‌పోర్టు తీసుకుందట. అప్పుడు ఇద్దరినీ తీసుకుంటామన్న ఆ బడికే స్వయంగా రాసుకుని, ఒప్పించి, ఈసారి ఇక్కడి నుంచే అసలైన వీసాకు సిద్ధమైందట. "ఆ దేశంల బోర్డు మీద ఒక్కసారన్న దాగకుంట లెక్క చెప్పాలె అన్నది" అన్నాడు.

"నాకెందుకు చెప్పొద్దంది?"

"'దానికి చెప్తే అది గూడ బట్టలు సర్దుకుని ఎంబడి బయలెల్లుతది. ఈడ దాని కొలువు మంచిగున్నది, ఖరాబు చేసుకుంటది' అన్నది."

సర్దుకునేదాన్నే. ఆ మాటకు అక్కడే కూలబడి, ఇన్నాళ్ళుగా రాని ఏడుపంతా ఏడ్చాను. మీరంటే నాకు ప్రాణం అని ఆమె ఎదురుగా ఒక్కసారైనా అనలేకపోయాను. అననిచ్చిందా?

గోడకు ఆనించిన ఫోటోకు బంతిపూల దండ వేశారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది వీసా కోసం దిగిన ఫోటో. వెనక తెల్లగా ఏమీ లేదు, జుట్టు వెనక్కి లాగి దువ్వుకుంది, నవ్వు లేదు, కళ్ళు తిన్నగా చూస్తున్నాయి. దాన్నే పెద్దది చేయించారు. దండ జారి ఒకవైపు చెవిని కప్పేసింది. వీసా ఫోటోలో రెండు చెవులూ కనబడాలి. దండ కాస్త పక్కకు జరిపాను.