సజ్దాలో కునుకు

ఏడో తరగతితో ఆపేసిన నా చదువులో నాకు బాగా వచ్చింది ఒక్కటే, నిద్ర. పంతొమ్మిది వందల డెబ్బైలలో ఒకరోజు పటాన్‌చెరులో రాత్రి షిఫ్టు దిగి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికి పోతున్నాను. బడిపిల్లలకు మసీదు చూపిస్తున్న మా పక్కింటి ఖాసిం చాచా నన్ను కేకేశాడు.

"నాకు మోకాళ్లు వంగుతలేవు బేటా. నమాజుల సజ్దా చేస్తప్పుడు నుదురు నేలకెట్ల ఆనిస్తమో నేను చెప్త, నువ్వు జెర చేసి చూపియ్యి."

కాళ్లూ చేతులూ కడుక్కుని, వంగి, చల్లటి చాప మీద నుదురు ఆనించాను. రాత్రంతా మిషన్ ముందు నిలబడ్డ ఒళ్లు ఇక లేవలేదు.

నా గురకకు పిల్లలు విరగబడి నవ్వుతుంటే మెలకువ వచ్చింది. వాళ్ల సారు ముఖం మాడిపోయింది. అసలే నాకు వేళాకోళం మనిషినని పేరు. నమాజును వెక్కిరించానని చాచా అనుకుంటాడేమోనని భయమేసింది.

"మాఫ్ చెయ్యి చాచా. నవ్వులాట కాదు, పానం అలిసింది."

చాచా నా భుజం తట్టాడు. "పొద్దుగాల అజాన్‌ల 'నిద్ర కంటే నమాజు మేలు' అని పిలుస్తం. నువ్వు రెండూ ఒక్కపారే కానిచ్చినవ్ కదరా!"