ఆఫ్‌లో ఉన్న మెషీన్ నుంచి వచ్చిన పింగ్

దయ్యాల కథలు చెప్పే ఇంట్లో నేను పెరగలేదు. మాది ములుగు దగ్గర ఊరు. చీకటికి జడిస్తే పొలానికి రాత్రి కరెంటుమీద నీళ్లు ఎవరు పెడతారు అనేవాడు మా నాన్న. కంప్యూటర్ల పనిలోకి వచ్చాక నాకు ఆ ధీమా ఇంకా పెరిగింది. నెట్‌వర్క్‌లో కారణం లేకుండా ఏదీ జరగదు. కారణం దొరకలేదంటే మనం సరిగా వెతకలేదని అర్థం. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మాట మీదే నిలబడాలని చూస్తున్నాను.

వరంగల్ మట్టెవాడలో ఒక స్కానింగ్ సెంటర్‌లో సిస్టమ్స్ చూసుకుంటాను. నాకు ముందు ఆ పని దానియేలు అన్న చేసేవాడు. డోర్నకల్ మనిషి. పోయిన ఎండాకాలం గుండె ఆగి చనిపోయాడు. ఆయన స్థానంలోకే నన్ను తీసుకున్నారు. ఆయన భార్య సలోమి అక్క అక్కడే కింద రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఆయన్ను నేను ఎన్నడూ చూడలేదు, అక్క ఫోన్‌లో ఫొటో తప్ప.

మేడ మీద చిన్న గదిలో ఒక పెద్ద కంప్యూటర్ ఉంది. దానిలో అన్న కొన్ని వర్చువల్ మెషీన్లు పెట్టాడు. అంటే పెట్టె ఒక్కటే అయినా లోపల వేరువేరు కంప్యూటర్లు ఉన్నట్టు నడుస్తుంది. ఒకటి రిపోర్టులకు, ఒకటి స్కాన్ బొమ్మలకు. ఇంకొకటి ఆయన ఏవైనా నేర్చుకోవడానికి తనకోసం పెట్టుకున్నది. నేను చేరేసరికే అది ఆఫ్‌లో ఉంది. నాకు దానితో పని పడలేదు.

వానాకాలంలో ఒక పొద్దున రిసెప్షన్‌లో రిపోర్టులు ప్రింటు కావడం లేదు. కౌంటర్ ముందు జనం గుమిగూడారు. "దవాఖానల మా అమ్మ ఆపరేషన్‌కు తయారుగుంది, రిపోర్టు లేంది డాక్టరు ముట్టనంటాండు" అని ఒకాయన గట్టిగా అరుస్తున్నాడు.

నేను కిందికి పరిగెత్తాను. పైన రిపోర్టుల మెషీన్ బాగానే ఉంది. రిసెప్షన్ కంప్యూటరే దాన్ని లోపలికి రానివ్వడం లేదు. ముందురోజు రాత్రి వచ్చిన అప్‌డేట్ మా ఆఫీసు నెట్‌వర్క్‌ను బయటి నెట్‌వర్క్ కింద మార్చేసింది. దాంతో బయటినుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ అన్నింటినీ ఆపేస్తోంది. రిపోర్టుల మెషీన్ అడ్రస్‌కు అనుమతి ఇవ్వగానే ప్రింటర్ కదిలింది. ఆయన రిపోర్టు తీసుకుని ఆటో ఎక్కాడు.

ఇంకా ఏమేం ఆగిపోతున్నాయో తెలియాలని వచ్చిపోయేవన్నీ రాసిపెట్టే ఫైర్‌వాల్ లాగ్ ఆన్ చేసి పెట్టాను. మధ్యాహ్నం తర్వాత చూస్తే అందులో ఇంకో అడ్రస్ ఉంది. భోజనాల వేళకు అది రిసెప్షన్ కంప్యూటర్‌కు పింగ్ పంపింది. పింగ్ అంటే ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని ఉన్నావా అని అడగడం, అంతే.

ఆ అడ్రస్ దానియేలు అన్న సొంతానికి పెట్టుకున్న మెషీన్‌ది. మేడ మీదికి వెళ్లి చూశాను. అది ఆఫ్‌లోనే ఉంది.

నేను ఇంకా స్క్రీన్ ముందే ఉండగా సలోమి అక్క పైకి వచ్చింది.

"రజితా, కింద నా కంప్యూటర్ల ఏమన్న మార్చినవా?"

"రిపోర్టులు ఆగినయి గదక్కా, అదే సరిచేసిన. ఏమైంది?"

అక్క కుర్చీలో కూర్చుంది. "అన్నం తినే యాళ్లకు టింగుమని మోగుతది. ఇయ్యాల మోగలె."

అన్న భోజనం డబ్బా తెరిచే ముందు పైనుంచి ఆమెకు పింగ్ పంపేవాడట. అది అందగానే మోగేలా ఆమె కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం పెట్టాడట. మోగితే ఆమె పైకి వచ్చేది, ఇద్దరూ కలిసి తినేవారు.

"ఆయన పోయినంక గూడ మోగుతాంది. ఏదో సెట్టింగ్ మిగిలిందనుకున్న. ఈడ చెప్తే తీసేస్తరు, చర్చిల చెప్తే ప్రార్థన పెడ్తరు. అందుకే ఎవ్వలకు చెప్పలె. జర మల్ల మోగేటట్టు చెయ్యవా?"

"టైమర్ పెట్టిపోయిండేమో అక్కా" అన్నాను. ఆ మెషీన్ ఆఫ్‌లో ఉందని చెప్పడానికి నోరు రాలేదు. ఆ అడ్రస్‌కు కూడా అనుమతి ఇచ్చాను.

మర్నాడు భోజనాల వేళకు నేను ఆమె పక్కనే నిలబడ్డాను. మోగింది. రిపోర్టులు కవర్లలో పెడుతున్న అక్క చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ పనిలో పడింది.

తర్వాత నేను వెతకని చోటు లేదు. అదే అడ్రస్ ఇంకే ఫోన్‌కైనా, ప్రింటర్‌కైనా వచ్చిందేమోనని చూశాను. లేదు. ఒక్కో మెషీన్‌కు వేరుగా ఉండే నెట్‌వర్క్ కార్డు నంబరు కూడా ఆ ఆఫ్‌లో ఉన్న మెషీన్‌దే చూపిస్తోంది. మోగే ప్రోగ్రాం తెరిచి చదివాను. దానిలో టైమర్ లేదు, ఆ అడ్రస్ నుంచి పింగ్ అందితేనే మోగుతుంది. హైదరాబాద్‌లో ఉన్న నా స్నేహితుడికి చూపిస్తే ఎవరో ఆట పట్టిస్తున్నారన్నాడు.

అప్పుడు అక్కకు ఉన్నదంతా చెప్పక తప్పలేదు. ఆమె భయపడలేదు. "చూద్దాం" అంది.

సెంటర్ మూసి ఉన్న ఒక ఆదివారం, చర్చి నుంచి ఆమె నేరుగా వచ్చింది. నేను మేడ మీది పెద్ద కంప్యూటర్‌ను పూర్తిగా ఆపేశాను. కరెంటు వైరు, నెట్‌వర్క్ కేబుల్ రెండూ పీకి చేత్తో పట్టుకుని కిందికి వచ్చాను. ఇంటర్నెట్ కూడా తీసేశాను. భవనంలో మేమిద్దరమే ఉన్నాం. భోజనాల వేళకు రిసెప్షన్ కంప్యూటర్ ఒక్కటే నడుస్తోంది.

మోగింది.

నా చేతిలోంచి కేబుల్ జారిపోయింది. అక్క మాత్రం స్క్రీన్ వైపు కూడా చూడలేదు. మెట్ల వైపు మొహం తిప్పి, రోజూ మాట్లాడే గొంతుతోనే అంది:

"నువ్వు తినుడు షురూ చెయ్యి. నాకు జర లేటైతది."

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని, నాకు తాళం చెవులు ఇచ్చి వెళ్లిపోయింది.

వైర్లన్నీ ఎప్పట్లా తగిలించినా, ఆ రోజు తర్వాత అది మోగలేదు. లాగ్‌లోనూ ఆ అడ్రస్ కనబడలేదు. అన్న మెషీన్ ఇంకా అలాగే ఆఫ్‌లో ఉంది. అక్క ఇప్పుడు కిందే, కౌంటర్ వెనకాలే భోంచేస్తుంది.

వైర్లు లేని పెట్టె నుంచి పింగ్ ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇంకా అర్థం కానిది, అది ఎందుకు ఆగిందన్నది. ఆ ఆదివారం నేను మార్చిన సెట్టింగ్ ఒక్కటి కూడా లేదు.