విజిల్ వేయకుండా కదిలిన బస్సు

మా ఇంట్లో గడియారానికి విలువ లేదు. అంతా విజిల్ మీదే నడుస్తుంది. ఒకటి వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. మా ఆవిడ ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేసింది మరి. ఆవిడ విజిల్‌కు ఒకసారి రైలు కూడా ఆగిందని చెబితే ఎవరూ నమ్మరు. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో అబద్ధమాడితే నాలుకకు సబ్బు రాసేవారు. నాకు ఆ రుచి అలవాటైపోయింది. కానీ పసిపిల్లను చంకనేసుకుని డిపోకు వెళ్లి, విశ్రాంతి గదిలో బల్ల మీద పడుకోబెట్టి, ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య పాలిచ్చి పెంచిందన్నది మాత్రం అక్షరాలా నిజం.

ఆ పిల్లే పెద్దదై అదే డిపోలో కండక్టరైంది. కండక్టర్లకు వారానికో షిఫ్టు. అల్లుడు లారీ తోలుతూ నెలలో ఇరవై రోజులు ఊళ్లోనే ఉండడు. నాలుగేళ్ల మనవరాలు అమ్మ ముఖం చూడాలంటే షిఫ్టు చార్టు చూసుకోవాలి. ఆ డిపోలో ఆడవాళ్లు డ్రైవరైతే పొద్దుటి షిఫ్టు ఖాయం. అందుకని మా అమ్మాయి అల్లుడి దగ్గర పట్టుబట్టి నేర్చుకుని, డ్రైవర్ పరీక్షకు వెళ్లింది. అవకాశాలు రెండే.

మొదటిసారి గేర్లు, రివర్సు అన్నీ వెన్నలా సాగాయి. మైదానంలో పాతిన స్టాపు బోర్డు దగ్గర గీత తాకకుండా ఆపింది. ఆపి, అలాగే కూర్చుంది.

"ఏమ్మా, కదలవేం?" అన్నాడు పక్కనున్న ఇన్‌స్పెక్టర్.

"విజిల్ వేయలేదు కదండీ!"

ఎనిమిదేళ్లుగా తను విజిల్ వేస్తేనే బస్సు కదిలేది. ఆ అలవాటు కొంప ముంచింది.

ఇంటికొచ్చి చెబితే నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

"నవ్వండి, నవ్వండి. రేపటి నుంచి వంట మీదే," అంది మా ఆవిడ.

మర్నాడు కుర్చీలో కూతురిని కూర్చోబెట్టి, స్టీరింగుకు బదులు కంచం చేతికిచ్చింది. తను వెనక నిలబడింది.

"అద్దం చూడు. దిగేవాళ్లు దిగారా? తలుపు పడిందా? ఇంక నువ్వే కదులు. ఎవరి విజిల్ కోసమూ చూడకు."

కావాలని తప్పుడు విజిళ్లు వేసేది. కూతురు ఉలిక్కిపడితే మళ్లీ మొదటికే. పన్నెండు రోజులు ఇదే వరస. నా వంట మాడింది, పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు.

"అలసిపోయానే అమ్మా."

"నేనూ అలసిపోతూనే పెంచానే నిన్ను. కూర్చో."

రెండో పరీక్షకు కంచె బయట మేం ముగ్గురం. మనవరాలు నా భుజాల మీద. బస్సు స్టాపులో ఆగింది. కూతురు అద్దం చూసింది. బస్సు కదిలింది. సరిగ్గా అప్పుడే నా నెత్తి మీద నుంచి ఒకే ఒక్క పొడుగాటి విజిల్!

"ఒసేయ్!" మా ఆవిడ మనవరాలి చేతిలోంచి విజిల్ లాక్కుంది.

బస్సు తొణకలేదు. మలుపు తిరిగి, చోటు చూసుకుని నిలిచింది.

"విజిల్ వినబడలేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వినబడిందండీ. ముందు దారి ఖాళీ, అద్దంలో ఎవరూ లేరు. ఎందుకు ఆపాలి?"

ఆయన పాసైనట్టు సంతకం పెట్టాడు.

విజిల్ పిల్ల చేతికి ఎలా వచ్చిందని మా ఆవిడ నన్ను ఇప్పటికీ నిలదీస్తుంది. కాకి పడేసిందంటాను.

ఇప్పుడు మా అమ్మాయి పొద్దుటి షిఫ్టు దిగి, ఖాకీ చొక్కాతోనే బడి గేటు దగ్గర నిలబడుతుంది. మనవరాలు వచ్చి రెండు విజిళ్లు వేస్తుంది. తల్లీకూతుళ్లు ఇంటికి కదులుతారు.