అయ్యవారు చదివిన ఒప్పందం

మా అయ్యవారు పోయారు. చూలై పేటలో అంగడి పెట్టుకున్న నా పాత క్లాస్‌మేట్ సోమవారం ఆఫీసుకు ఫోన్ చేసి, "మన అయ్యవారు పోయినారంట, తెలుసునా?" అంది. తెలియదని చెప్పి పెట్టేశాను. ఆ పూట ఎవరికేం సమాధానాలు చెప్పానో గుర్తులేదు.

వాషర్‌మెన్‌పేట్ బడిలో ఆయన మాకు ఇంగ్లీషు చెప్పేవారు. పాత పోస్టుకార్డొకటి వరుస కింద పెట్టి, జరుపుకుంటూ చదివేవారు. "ఫుల్‌స్టాప్ దాకా పోండి. సగంలో నిలిచినోడే మోసపోతాడు" అనేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

రెండేళ్ళ కిందట ఆయన నా కౌంటరుకు వచ్చారు. అప్పుడు నేనొక సెల్‌ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు తీసుకునేదాన్ని. రిటైరయ్యాక ఇల్లిల్లూ తిరిగి ట్యూషన్లు చెప్పే ఆయనకు అల్లుడు ఏడాది ఒప్పందం మీద ఫోన్ ఇప్పించాడు. ఆయన భార్య, మా అమ్మగారికి గుండె జబ్బు. ఇంటి నుంచి ఫోన్ చేసి, "ఏడుండారు?" అని అడిగి పెట్టేసేవారట.

వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాల్సిన రోజులవి. అంతవరకు అర నిమిషం లెక్క వేసిన కంపెనీ, ఆ నెల నుంచి పది సెకన్లు మాట్లాడినా నిమిషం వేసింది. చార్జీలు మారిస్తే కస్టమరు నెలలోగా ఏమీ కట్టకుండా తప్పుకోవచ్చని ఒప్పందంలో ఉంది. ఆయన సరిగ్గా ఆ వాక్యం కింద పోస్టుకార్డు పెట్టారు.

"చదవమ్మా."

మేనేజరు నేర్పిన జవాబే చెప్పాను. "చార్జీ మారలేదయ్యా, బిల్లు వేసే పద్ధతే మారింది. ఇప్పుడు మానేస్తే మిగతా నెలల అద్దె కట్టాల."

"అర పడి బియ్యం కొలిచి, పడికి డబ్బులు తీసుకుంటే, ధర మారలేదంటావా?"

మళ్ళీ రమ్మన్నాను. వచ్చారు. మళ్ళీ అదే చెప్పాను. విసుగు ఆయన మీద కాదు, నా నోటి మీదే పుట్టింది.

వారం తిరక్కుండా మూడోసారి వచ్చినప్పుడు, అమ్మగారెట్లా ఉన్నారని అడిగాను.

"పోయి నెల కావస్తా ఉంది" అన్నారు, కాగితం మడుస్తూ.

"ముందే చెప్పుంటే మేనేజరు కాళ్ళైనా పట్టుకునుందును కదయ్యా!"

"అందుకే చెప్పలా. జాలిపడితే నన్నొక్కణ్ణే వదుల్తారు. రాసిన మాట చూసి వదిల్తే ఇంకో నలుగురికి దోవ దొరుకుతాది."

ఆ మధ్యాహ్నం ఆయన రాసిచ్చిన అర్జీ మీద, "ఒప్పందం ప్రకారం ఈయన చెప్పేది సరైనదే" అని రాసి సంతకం పెట్టాను. నీకు జీతం ఎవరిస్తున్నారని మేనేజరు తమిళంలో అరిచాడు. అయినా కాగితం పై ఆఫీసుకు పోయింది. పది రోజులకు ఆయన్ని వదిలారు. ఆ వాక్యం పట్టుకుని తర్వాత మరికొందరు బయటపడ్డారు. నన్ను మాత్రం ఊరి చివర ఎన్నూరు ఆఫీసుకు మార్చారు. రోజూ లారీల దుమ్ములో రెండు బస్సులు. అలసిపోయాను గానీ ఆ సంతకానికి ఏనాడూ బాధపడలేదు. మొదటి రెండుసార్లు ఇచ్చిన జవాబుకే ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒప్పందం రద్దయిన రోజు ఆయన సిమ్ కార్డు నా చేతిలో పెట్టి, "బాగుండమ్మా" అని వెళ్ళారు. కిటికీ అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. ఎదురుగా బస్టాపు. వాళ్ళ పేటకు పోయే బస్సు వచ్చి వెళ్ళింది. ఇంకొకటీ వచ్చింది. ఏడుండారని అడిగే అమ్మగారు ఇప్పుడు ఇంట్లో లేరు. ఆయన ఎండలో అలాగే నిలబడి ఉన్నారు, ఎక్కలేదు.