ఇల్లు నీది, గుంజ నాది

మొన్న మా కోడలు బజారు నుంచి తెచ్చిన సంచీని వంటింటి గట్టు మీద పెట్టగానే కొత్త మామిడికాయల సొన వాసన ఇల్లంతా కమ్మేసింది. ఇంకా టెంక ముదరని లేత కాయలు, ముచికలు తుంచిన చోట జిగురు కారుతున్నాయి. తను పప్పులో వేస్తానంది, మనవడు ఉప్పూ కారం అడిగాడు, నేను మాత్రం లేచి వసారాలోకి పోయి కూర్చున్నాను. ఏటా ఈ వాసన రాగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వయసులో, ఎప్పుడో పోయిన తండ్రి మీద కోపమేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. చిన్ననాటి సంగతులు చెప్పమంటే అందరూ తీపివే చెబుతారు, నా దగ్గర ఉన్నది మాత్రం ఇది.

అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. అరకు లోయకి రైలు లేదు, ఘాటీలో బస్సు లేదు. మా నాన్న శృంగవరపుకోట వైపు పల్లం నుంచి ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు ఎద్దుల మీద కొండెక్కించి సంతలో అమ్మేవాడు. నాలుగేళ్ళపాటు మేం ఒక పెద్ద వర్తకుడి కొట్టు వెనక, తాటాకు దించిన పంచలో కాపరం ఉన్నాం. ఒక పక్క చింతపండు బస్తాల పులుపు, ఇంకో పక్క ఎండుచేపల కంపు, వానాకాలమంతా కాళ్ళ కింద చెమ్మ, పుష్యమాసంలో కుంపటి చుట్టూ ముడుచుకుని పడుకున్నా పళ్ళు టకటకలాడించే చలి. వర్తకుడి భార్యకి కోపం వస్తే ఆ పూట మా పొయ్యి వెలిగేది కాదు, పొగ వాళ్ళింట్లోకి పోతోందనేది. తన పొయ్యి, తన గోడ, తన గుమ్మం ఉండాలని మా అమ్మ అడగని దేవుడు లేడు.

పిల్లలకి మాత్రం ఆ కొండలు పుట్టిల్లులా ఉండేవి. వలిసె పూసిందంటే వాలులన్నీ పసుపు పూసుకునేవి, మేం ఆ చేల మధ్య దాక్కుని ఇంటికి వచ్చేసరికి జుట్టు నిండా పుప్పొడి. అరుగుల మీద చింతపిక్కలాట, వాగులో పీతల వేట, ఆకలేస్తే ఎవరింటి ముందు నిలబడినా అడ్డాకు దొన్నెలో చోడి అంబలి. ఎక్కువగా నేను నిలబడింది బుద్రమ్మ ఇంటి ముందే. బుద్రమ్మ ఆ ఊరి కొండ మనిషి, ముసలిది, ముక్కుకి మూడు కమ్ములు. కొడుకులిద్దరూ ఒకే ఏడు మన్నెం జ్వరానికి పోయారు. ఒక్కతే ఉంటూ కందులు దంచుకుంటూ, ఎవరి పిల్లలు వచ్చినా తన పిల్లల్లాగే కసురుకుంటూ అంబలి పోసేది.

ఆ ఏడు పంటలయ్యాక బుద్రమ్మ ఇల్లు అమ్మేసి పై గుడిసెల్లో ఉన్న కూతురి దగ్గరికి పోతానంది. మంచి ఎత్తు మీద, సంతబాట పక్కనే ఇల్లు. నాన్న వెంటనే బేరానికి దిగాడు. పల్లంలో ఆ సొమ్ముకి పశువుల పాక కూడా రాదని ఆయనే తర్వాత చాలాసార్లు మురిసిపోతూ చెప్పేవాడు. సర్కారు అనుమతి లేకుండా కొండవాళ్ళ ఇల్లూ పొలమూ పల్లపువాళ్ళు కొనకూడదని చట్టం ఉన్న సంగతి ఆయనకు బాగా తెలుసు, అందుకే కాగితం రాయించలేదు. ఊరి పెద్ద ముందు నోటిమాట మీద బేరం తెగింది. ఆ మాట నేను చెవులారా విన్నాను.

"ఇల్లు నీది సావుకారీ, గుంజ నాది. దాన్ని తియ్యకు. యేడాదికోపాలి మామిడి కొత్తకి నేనొత్తాను," అంది బుద్రమ్మ.

"నీ గుంజ నీకే ఒగ్గేత్తానమ్మా," అన్నాడు నాన్న.

పల్లంలో గుంజ అంటే పశువును కట్టే కొయ్య. పెరట్లో అలాంటిది ఒకటి ఉంది, సగం చెదలు తిన్నది. ఇల్లమ్ముకుంటూ కట్టుకొయ్య కోసం బేరమాడిన అమాయకురాలి కథ నాన్న సంతంతా చెప్పి నవ్వించాడు. ఇంతవరకు అది పొరపాటే, పొరపాటుకి నేనెవర్నీ తిట్టను.

బుద్రమ్మ ఇల్లు ఖాళీ చేసే పొద్దున అమ్మ నన్ను చీపురిచ్చి ముందు పంపింది. బుద్రమ్మ గది మధ్యలో ఉంది. ఆ ఇంటి కప్పు మొత్తాన్ని మోసే నడిమి స్తంభం, ఏళ్ళ తరబడి పొగకి నల్లబడి చేతులు తగిలి నున్నబడిన మద్దిమాను, దానికి కడుగునీళ్ళలో కలిపిన పసుపు పాముతోంది. పామి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, చెంప ఆనించి నిలబడింది. నన్ను చూసి సిగ్గుపడలేదు. ఈ గుంజలో తన తల్లి ఉందనీ, తల్లికి తల్లి ఉందనీ, రమ్మంటే రానన్నారనీ చెప్పింది. చైత్రంలో మామిడి కొత్త పండక్కి తొలికాయ ముందు వాళ్ళకి పెడితేగాని తను నోట పెట్టదట. ఇల్లు కదలనన్న వియ్యపురాలి గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

తర్వాత నెలన్నర మా ఇంట్లో పండగే. గడ్డికప్పు దించి పెంకులు వేయాలని నాన్న పట్టు. కుమ్మరి పెంకులు ఎద్దుల మీద ఘాటీ ఎక్కి వచ్చేసరికి పదింటికి మూడు ముక్కలయ్యేవి. ఎర్రమన్ను తవ్వి, నీళ్ళు పోసి, చిట్టూ గడ్డీ కలిపి తొక్కడం పిల్లల పని, మోకాళ్ళ దాకా దిగబడి ఒకర్నొకరు తోసుకునేవాళ్ళం. అమ్మ చంటివాడైన తమ్ముణ్ణి వీపున కట్టుకుని గోడలు అలికేది, అరచేతి వరసలు గోడ మీద చేపపొలుసుల్లా పడేవి. అలికిన ప్రతి గోడనీ వెనక్కి జరిగి చూసుకుని నవ్వేది. అమ్మ అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

కొత్త కప్పుకి అడ్డదూలాలు వచ్చాయి, నడిమి స్తంభం అక్కర్లేదన్నాడు పల్లం నుంచి వచ్చిన వడ్రంగి. పైగా బస్తాలు పెట్టుకోవడానికి అడ్డం. అతను దాని మొదట్లో రంపం పెట్టబోతుంటే నేను పరిగెత్తి నాన్న పంచె పట్టుకున్నాను. బుద్రమ్మ చెప్పిన గుంజ ఇదేనని, ఆమె తల్లి ఇందులో ఉందని, విన్నదంతా చెప్పాను. నాన్న స్తంభం వైపు చూశాడు, పసుపు ఇంకా దాని మీద ఉంది. తర్వాత అటకెక్కి ఎదురుచూస్తున్న కూలీల వైపు చూశాడు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఆయన మొహంలో నాకు కనబడింది.

"గుంజంటే పసువుని కట్టీది. నీకేటి తెలుసు, నోర్మూసుకో," అని, వడ్రంగికి కానిమ్మని చెయ్యి ఊపాడు.

పొరపాటు అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత జరిగిందానికి వేరే పేరుంది. ఆ మధ్యాహ్నమే ఆయన పెరట్లో చెదలు తిన్న కట్టుకొయ్యకి సున్నం పూయించి, కొత్త తాడు కట్టించి, మాట నిలబెట్టుకున్న పెద్దమనిషిలా నిలబడి చూసుకున్నాడు. ఇంత మంచి కలప పొయ్యిలో పెట్టకూడదని వడ్రంగి ఆ మద్దిమానుని చెక్కి వీధిగుమ్మానికి గడప చేశాడు. మేం గృహప్రవేశం చేసుకున్నాం, పాలు పొంగాయి, వర్తకుడి భార్య కూడా వచ్చి పరమాన్నం తిని గోడలు మెచ్చుకుంది.

చైత్రంలో బుద్రమ్మ వచ్చింది. తలమీద గంప, గంపలో అడ్డాకుల మధ్య కొత్త మామిడికాయలు, గుప్పెడు సామబియ్యం. నాన్న ఎదురెళ్ళి, ఇంటి పక్క నుంచి పెరట్లోకి తీసుకుపోయి సున్నం కొట్టిన కొయ్యని చూపించాడు. వేళాకోళం అనుకుని ఆమె నవ్వింది. నవ్వుతూనే ముందువైపు వచ్చి, గడప మీద కాలుపెట్టి లోపలికి వెళ్ళింది, గది మధ్యలో ఆగిపోయింది. కింద, గుంజ ఉన్నచోట, అమ్మ అలికి ముగ్గేసింది. ఏదని ఎవర్నీ అడగలేదు, నన్ను చూసింది. నేను గుమ్మం వైపు వేలు పెట్టి చూపించాను.

ఆమె గడప దాకా వచ్చి వంగి చూసింది. అమ్మ కంగారుపడి, గడపకి రోజూ పసుపు రాసి బొట్లు పెడుతున్నానని చెప్పింది.

"పసుపు రాసి తొక్కుతన్నారు. నేనూ తొక్కీసేను," అంది బుద్రమ్మ.

అక్కడే నేల మీద కూర్చుంది. ఆ ఇంటికి అదొక్కటే గుమ్మం. తల్లి మీంచి ఇంకోసారి దాటి బయటికి పోనంది. నాన్న బతిమాలాడు, తర్వాత కసిరాడు, బయట చేరిన జనంతో ముసలిదానికి మతిపోయిందన్నాడు. గడప ఊడదీసి ఇచ్చేయమని ఊరి పెద్ద అంటే, గడప కదిపితే ద్వారబంధం వదులై గోడ కూలుతుందని, వానలు వెళ్ళాక చూద్దామని తప్పించుకున్నాడు. పొద్దు పడమటికి తిరిగింది. ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

అప్పుడు మా అమ్మ తమ్ముణ్ణి నా చంకకి ఇచ్చి, గునపం తీసుకుని, తను అలుక్కుని మురిసిపోయిన వెనక గోడని పొయ్యి పక్కన పొడవడం మొదలుపెట్టింది. నాన్న అరుస్తున్నాడు. అమ్మ వెనక్కి తిరగలేదు. మనిషి వంగి పట్టేంత కంత అయ్యాక పక్కకి జరిగింది. బుద్రమ్మ మామిడికాయలన్నీ గడపకి లోపలివైపు వరసగా పెట్టి, ఆ కంతలోంచి పాక్కుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆ ఏడూ, ఆ తర్వాతా ఆమె మామిడికాయ తినలేదని సంతలో ఆమె కూతురు అమ్మకి చెప్పింది, ఇంకో మూడేళ్ళకి బుద్రమ్మ పోయింది. నాన్న మర్నాడే ఆ కంత పూడ్పించాడు. వానలు ఎన్నోసార్లు వచ్చాయి, వెళ్ళాయి.

ఇప్పుడు ఆ సంతబాట తారురోడ్డు. బొర్రా గుహలు చూసి వచ్చే బస్సులు ఆ ఎత్తు మీదే ఆగి టీ తాగుతాయట. పై గుడిసెలు లేవు, బుద్రమ్మ కూతురు వాళ్ళు ఎటుపోయారో ఎవరూ చెప్పలేదు. ముగ్గేసే చేతులు లేవు, గోడ మీద ఆ అరచేతి వరసలు లేవు. పోయిన నెల తమ్ముడు పాత ఇల్లు పడగొట్టించి శ్లాబు వేయిస్తున్నానని ఉత్తరం రాశాడు. దూలాలూ తలుపులూ కలప వ్యాపారికి ఇచ్చేశాడట. వీధిగడప మాత్రం ఆ వ్యాపారి వద్దన్నాడట, కాళ్ళకింద నలిగి నలిగి మధ్యలో జానెడు మేర దొన్నెలా అరిగిపోయిందట, వంటచెరుక్కి కొట్టించేశానని రాశాడు. మొదటి ఏడాది నేను ఆ గడపని గెంతి దాటేదాన్ని. తర్వాత మర్చిపోయాను. పెళ్ళై వెళ్ళేదాకా మరో ఏడేళ్ళు, రోజుకి ఎన్నిసార్లో, అందరిలాగే తొక్కుకుంటూ తిరిగాను.