ఎడమవైపు ఖాళీ

మా డ్రాయింగు మాస్టారు వచ్చాకే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు బొమ్మ చూడటం తెలిసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన రాకముందు మేమంతా క్యాలెండరు దేవుళ్ళకు దణ్ణాలు పెట్టుకుంటూ గుడ్డిగా బతికామట. మా చిన్నాన్న వేసిన నాటకం తెరను కమిటీ వద్దన్నది రంగు పెచ్చులూడినందుకేనని ఇంకో కథ. రెండూ అబద్ధాలే. ఆ తెర మీద గోరంత పెచ్చు ఊడలేదు. దాన్ని దింపింది ఒక మాట. ఆ మాట అన్నది నేను. కమిటీవాళ్ళు ఈ సంగతి మరిచిపోయారంటే అది నా మీద దయ కాదు; పంతొమ్మిదేళ్ళ ఆడపిల్ల ఏదో అంటే తలలూపామని ఒప్పుకోవడం నామోషీ.

చిన్నాన్న వర్క్‌షాపులో పెయింటరు. రైలుపెట్టెలకు ఇటికరంగు పూయడం, పక్కన గీత లాగడం, నంబరు వేయడం ఆయన పని. గీత లాగినంతసేపూ ఊపిరి బిగబట్టేవాడు. రంగుల గురించి చెప్పడానికి ఆయనకు నాలుగైదు మాటలే ఉండేవి. కుదిరితే "కూకుంది" అనేవాడు. కుదరకపోతే "అరస్తంది". గోల్‌బజారులో ఒక మిఠాయి కొట్టు బోర్డు చూసి, "ఏటే అమ్మీ, ఆ ఎరుపు సూడు, సంతలో తప్పిపోయిన పిల్లలాగ ఎలా అరస్తందో" అని చెవులు మూసుకునేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని. కాలేజీలో చేరాక నవ్వడం మానేసి సిగ్గుపడటం మొదలుపెట్టాను.

ఆ సిగ్గుకు మందు వేయడానికే అన్నట్టు మాస్టారు దిగారు. కలకత్తాలో చదివిన మనిషి. జుబ్బా, భుజాన సంచి. ఆదివారం సాయంత్రాలు రైల్వేవాళ్ళ ఇన్‌స్టిట్యూట్ హాలు వెనక గదిలో, బొమ్మను ఎలా విమర్శించాలో పాఠం చెప్పేవారు. ఆ సంచిలోంచి ఒక్క బొమ్మ బయటికి వచ్చిన పాపాన పోలేదు. మాటలు మాత్రం వచ్చేవి. నల్లబల్ల మీద వరసగా రాసేవారు. బ్యాలెన్స్, అంటే సమతూకం. రిథమ్, అంటే లయ. ఫోకల్ పాయింటు, అంటే చూపు ఆగే చోటు. మేం పదిమందిమి ఎర్రసిరాతో కిందగీతలు కొట్టుకుంటూ రాసుకునేవాళ్ళం. వంటింట్లో అడుగు పెట్టకుండా ఉప్పు తక్కువైందని చెప్పడం నేర్పే విద్య అది. నేను క్లాసులో ఫస్టు.

ఆ ఏడు మా తెలుగువాళ్ళ పౌరాణిక నాటకానికి కొత్త దర్బారు తెర కావలసి వచ్చింది. చిన్నాన్న వేస్తానన్నాడు. నచ్చితే నాటకం రోజు మైకులో ఆయన పేరు చదువుతామని కమిటీ మాటిచ్చింది. అన్నేళ్ళుగా ఎన్ని పెట్టెలకు రంగు వేశాడో ఆయనకే తెలియదు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఆ మైకు మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆయన అన్నం కూడా నిలబడే తిన్నాడు. పిన్ని కోరాగుడ్డ జోడించి కుట్టింది. సాయంత్రం సైరను కొట్టగానే ఇంటికొచ్చి, జిగురు కాచి, రంగుపొడులు కలుపుకుని, మూడు నెలలు వేశాడు. కుడివైపు ఏనుగుతలల స్తంభాలు, ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ. వాటి మీదికి జారిన ముదురెరుపు పరదా. ఎడమవైపు దాదాపు ఏమీ లేదు. పలచని తేనెరంగు గోడ, దాని మీద ఎక్కడినుంచో పడిన వెలుతురు. అంతే.

కమిటీ చూసిన రోజు తెరను స్టేజీ మీద కట్టారు. ఐదుగురూ కుర్చీల్లో కూచున్నారు. చిన్నాన్న తెర పక్కన తాడు పట్టుకుని నిలబడ్డాడు. కార్యదర్శి మాస్టారివైపు తిరిగి "ఎలా ఉందంటారు?" అన్నారు. మాస్టారు గడ్డం నిమురుకుని, "మా శిష్యురాలు చెబుతుంది. లేమ్మా" అన్నారు. ఆయనకేమీ తోచలేదని ఇప్పుడు నా అనుమానం.

లేచాను. "బ్యాలెన్స్ లేదండీ. బరువంతా కుడివైపే ఉంది. ఎడమవైపు బోసి. చూపు ఆగే చోటు లేదు."

"శభాష్!" అన్నారు మాస్టారు.

"నేనూ అదే అనుకుంటన్నానండి" అన్నారు కార్యదర్శి. అప్పటిదాకా కిళ్ళీ గురించి తప్ప ఇంకేమీ అనుకోని మనిషి. "బేలన్సు లేదు."

"ఆ ఖాళీలో ఓ నెమలినెట్టీమంటే?" అన్నాడు ఆయన పక్కనున్నాయన.

"నెమలినెట్టినా బేలన్సు రాదండి."

పది నిమిషాల కిందట ఆ మాట ఎరగనివాళ్ళు అప్పుడే దాన్ని ముత్తాతలనాటి సొత్తులా వాడేస్తున్నారు.

"ఏటంటావు మరి?" అని కార్యదర్శి చిన్నాన్నను అడిగారు. ఆయన ఒక్కసారి నావైపు చూశాడు. "ఠీక్ హై, సాబ్" అన్నాడు. ఇంట్లోగానీ వీధిలోగానీ తెలుగువాళ్ళతో ఆయన ఆ మాట అనగా నేను వినలేదు. అది వర్క్‌షాపులో ఫోర్‌మన్‌కు చెప్పే మాట. తెరను వెదురుకు చుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నాటకానికి కలకత్తా నుంచి తెర అద్దెకు తెచ్చారు. దానికి బ్యాలెన్స్ కొదవలేదు. కుడివైపు మూడు స్తంభాలు, ఎడమవైపు మూడు స్తంభాలు, నట్టనడుమ పెద్ద ఫౌంటెను. మాస్టారు దాన్ని చూసి సగం కళ్ళు మూసుకుని పరవశించారు. రాజు వేషగాడు వచ్చి నడుమ సింహాసనంలో కూచున్నాడు. కిరీటంలోంచి నీళ్ళు చిమ్మాయి. రాగం తీసినకొద్దీ నీళ్ళు పైకి లేస్తున్నట్టే ఉంది. వెనక బెంచీల్లోంచి ఎవడో "ఓరి బాబూ, కుళాయి కట్టీండ్రా!" అని కేక పెట్టాడు. పద్యం పాడాలంటే మైకు దగ్గరికి రావాలి. ఉన్నది ఒక్క మైకు. దాని తీగ పొట్టి, స్టేజీ ఎడమవైపుకే అందేది. రాజు అక్కడికి జరిగాడు. ఈసారి చెవిలోంచి స్తంభం మొలిచింది. హాలంతా ఒకటే నవ్వు. ఆ నవ్వు వినడానికి చిన్నాన్న లేడు. అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నాడు.

వానలు తగ్గాక, చెదలు పట్టకుండా ఎండ తగలనిద్దామని చిన్నాన్న తెరను క్వార్టర్ల ముందు మైదానంలో రెండు స్తంభాలకు కట్టాడు. పిన్ని చీపురుతో దుమ్ము దులుపుతూ ఎడమవైపుకు వచ్చి నిలబడింది. మాసిన చీర, ముడి ఊడిన జుట్టు. ఆ తేనెరంగు గోడ ముందు మహారాణిలా ఉంది. బొమ్మలోని స్తంభాలన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచి వచ్చి ఆవిడ దగ్గర ఆగాయి. వెలుతురు సరిగ్గా ఆవిడ తల వెనక పడింది.

"పిన్నీ, కదలకు!" అన్నాను.

"ఏటే, పామేటి?" అని ఆవిడ గెంతింది.

నేను బోసి అన్నది మనిషి కోసం వదిలిన చోటు. మైకు ఉండే చోటు. స్టేజీ మీద మనిషి లేకుండా తెరకు మార్కులు వేసిన ఘనులం మేము.

"కూకుంది, సిన్నాన్నా" అన్నాను.

"ఎండెక్కువైతే రంగు ఎలిసిపోద్ది. సుట్టీ అమ్మీ" అన్నాడు.

తర్వాత మాస్టారికి సన్మానం చేశారు. మా కళ్ళు తెరిపించారని దండ వేశారు. సన్మానపత్రం నన్ను రాయమంటే రాయనన్నాను. అందుకు నన్ను గర్విష్ఠి అన్నారు. పోనీండి.

చిన్నాన్న రిటైరై ఇప్పుడు ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఉంటున్నాడు. మొన్న కూడా అడిగాను. "ఓ మనిషిని నిలబెట్టి సూడండి అని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా, ఎందుకనలేదు సిన్నాన్నా?"

"ఎప్పుడు?"

"తెర చూసిన రోజు."

"టీ తాగుతావేటి?" అని లేచి లోపలికి పోయాడు.

పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పెద్దోళ్ళ ముందర గడగడా మాటాడినావని ఇంటికొచ్చి మురిసిపోనాడే" అంది. ఈ మాట నేను నమ్మను. పిన్ని చీమను కూడా నొప్పించదు. మురిసినవాడు ఫోర్‌మన్ ముందు మాట్లాడినట్టు మాట్లాడతాడా? పైగా ఆ మాట అనేముందు ఆయన చూసింది కార్యదర్శివైపు కాదు, నావైపు. నాకు ఒక్కటే తెలియాలి. ఆ రోజు ఆయన సాబ్ అన్నది ఎవరిని?